ఆగిన రోజుల కాగితం

కరుణాకర్ రావు తన జన్మలో సముద్రాన్ని ఒక్కసారే చూశాడు. అదీ పావుగంట సేపు. కాకినాడలో పేర్రాజు గారి గోదాము మేడ మీద నిలబడి చూశాడు. నీళ్ళ సంగతి ఆయనకు పట్టలేదు. నీళ్ళ మీద, నాలుగైదు మైళ్ళ అవతల, వరసగా నిలబడ్డ ఓడలను లెక్కపెట్టాడు. పదకొండు.

"ఏం చేస్తున్నయవి?" అని అడిగాడు.

"రెండింటికి లోడింగవుతోందండి. మిగతావి కాచుక్కూర్చున్నాయి," అన్నాడు పేర్రాజు. ఆయన అక్కడ ఎగుమతి వ్యాపారి. మాట నెమ్మది, లెక్క చురుకు. "ఇక్కడ ఒడ్డుకి లోతు చాలదు. అంచేత ఓడ అక్కడే లంగరేస్తుంది. మనమే బార్జీల్లో బస్తాలేసుకెళ్ళి, మూతులు కోసి, సరుకు దాని పొట్టలో గుమ్మరించి రావాలి."

"మరి కూసున్న దినాలకు దాని మేత ఎవలు పెట్టాలె?"

పేర్రాజు ఆయన వైపు తిరిగి చూశాడు. సముద్రం చూడ్డానికొచ్చినవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగరు. "నింపుకోడానికి ఇన్ని రోజులని గడువు రాసుకుంటామండి. గడువు దాటితే రోజుకి నలభై వేలు డెమరేజి. ఎవరి సరుకు ఆలస్యమైతే వాళ్ళ నెత్తిన."

డెమరేజి అన్న మాట కరుణాకర్ రావుకు కొత్త కాదు. పెద్దపల్లి గూడ్సు షెడ్డులో వ్యాగన్ ఖాళీ చేయడం ఆలస్యమైతే రైలువాళ్ళు వేసే జరిమానా అదే. కాకపోతే అది గంటకు రూపాయల్లో ఉంటుంది. నలభై వేలంటే కోరుట్లలో ఒక పక్కా ఇల్లు.

"వానలు, సమ్మెలు, బంద్‌లు గడువులో లెక్కకి రావండి," అని పేర్రాజు ధైర్యం చెప్పాడు. "సర్కారు సీలున్న కాగితం చూపించాలి. అంతే."

"బంద్‌లకేం కొదవ! మా దిక్కు నెలకొక పంట పండుతయి," అన్నాడు కరుణాకర్ రావు. ఇద్దరూ నవ్వుకున్నారు. అది ఎనభై ఎనిమిది, శ్రావణం.

ఆ నవ్వు నవ్వడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది. వెల్గటూర్ అవతల గోదావరి ఒడ్డున వాళ్ళ ఊరు. పొలాల్లో ఎర్రజెండాలు పాతిన ఏడు ఆయన తండ్రి జగన్మోహన్ రావు కోటలాంటి దొర గడీకి తాళం వేసి, రెండు ట్రంకు పెట్టెలతో జగిత్యాలకు వచ్చి పడ్డాడు. వచ్చిన మూడేళ్ళకు, బీడు పడ్డ భూముల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ పోయాడు. కొడుకు అట్లా తలుచుకోలేదు. పోయినదాన్ని ఒక పక్క రాసి గీత కొట్టేశాడు. ఇంకో పక్క మిగిలినవి రాసుకున్నాడు. బ్యాంకులో ఇంకా చెల్లుతున్న ఇంటిపేరు, రైసుమిల్లు షావుకార్ల పరిచయం, తన తలకాయ. ఆ మూడింటితో కోరుట్ల అవతల మెట్‌పల్లి రోడ్డు మీద మూతబడ్డ ఒక తవుడు నూనె మిల్లును కౌలుకు పట్టాడు. తవుడు నుంచి నూనె పిండాక మిగిలే పొడిని మన పశువులు కూడా మూతి తిప్పుకుని వదిలేస్తాయి. దాన్ని పరాయి దేశాలవాళ్ళు ఓడలు కట్టుకుని వచ్చి కొంటారని తెలిసిననాడు ఆయన రాత్రంతా నిద్రపోలేదు.

పేర్రాజుతో బేరం పదహారు వేల బస్తాలకు కుదిరింది. ఎనభై లారీలు.

మిల్లులో బస్తాలెత్తేది ఓదెలు జట్టు. ఓదెలుతో కలిపి ఇరవై నలుగురు హమాలీలు, వాళ్ళకు వాడే మేస్త్రీ. నలభై ఏళ్ళవాడు. మెడ మీద గోనె రాసి రాసి కట్టిన కాయ, నడుముకు కొక్కెం. వాడిదీ రావు గారి ఊరే. వాడి తండ్రి మైసయ్య ఒకప్పుడు జగన్మోహన్ రావు బండి ముందు కర్ర పట్టుకుని పరిగెత్తినవాడు. కొడుకు పరిగెత్తలేదు. కోరుట్లకు వచ్చి హమాలీ సంఘంలో చేరాడు. మిల్లులో పనికి కుదిరిన మొదటి రోజే కరుణాకర్ రావును "సేటూ" అని పిలిచాడు.

"ఊర్ల దొర అంటుంటివి గదరా?" అన్నాడు రావు, కోపమో నవ్వో తెలియకుండా.

"ఊర్ల దొర అంటె నీకు గండం, ఈడ దొర అంటె నాకు గండం. సేటంటె ఇద్దరికి సల్లగుంటది," అన్నాడు ఓదెలు.

లెక్క సరిపోయింది. అప్పటి నుంచి సేటే.

ఓదెలుకు ఒక గొంతుండేది. లారీకి పలక వేశాక మొదటి బస్తా ఎక్కగానే "లాభం!" అని అరిచేవాడు. ధాన్యం కొలిచినా, బస్తాలెత్తినా మన దగ్గర ఒకటి అని మొదలుపెట్టరు. లాభం, రెండు, మూడు, అట్లా సాగుతుంది. భిక్షగాడికి మానెడు గింజలు పోసినా అంతే. ఆ అరుపు మిల్లు వెనక ఇటుకబట్టీ దాకా వినబడేది. గుమాస్తా నర్సింగం ఆ గొంతు వెంట పుస్తకంలో గీతలు గీసుకుంటూ పోయేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క బస్తా తేడా రాలేదు. రావు లోపల గద్దె మీద కూర్చుని, ఆ మొదటి కేక వింటేనే ఆ రోజు పని బాగుంటుందో లేదో చెప్పేవాడు.

కార్తీకంలో ఓడ వచ్చింది. నలభై ఒక్క లారీలు వెళ్ళాయి. ఇంకా ముప్పై తొమ్మిది ఉండగా, ఒక శనివారం సాయంత్రం గోడల మీద కాగితాలు పడ్డాయి. ఎక్కడో ఎన్‌కౌంటర్ అయింది, ముగ్గురు చచ్చిపోయారు. దానికి అన్నలు మూడు రోజుల బంద్ పిలిచారు. ఆది, సోమ, మంగళ.

ఆదివారం పొద్దున ఓదెలు ఖాళీ చేతులతో వచ్చాడు. కొక్కెం కూడా తేలేదు.

"ఏందిరా, పెండ్లికొచ్చినట్టొచ్చినవు?"

"మూడు దినాలు బస్తా ముట్టం సేటూ."

"ఓడ నిలబడ్డదిరా ఆడ! దినానికి నలభై వేలు తింటది."

"ఓడకు జెప్పు, ఉపాసముండుమని. మేముంటలేమా?" అని నవ్వి, వెంటనే మామూలుగా అయ్యాడు. "నువ్వే జెప్పు సేటూ. మేం ఎత్తినమే అనుకో, లారీ గేటు దాటుతదా? దాటినా తాటిపెల్లి కాడ తగులబెడ్తరు. లారీ పాయె, సరుకు పాయె, నా ఈపు చీరుడాయె. బుధారం పొద్దుగాల రాంగనే ఎత్తుతం. దినానికి పది లారీలు గాదు, పన్నెండు. నాది మాట."

రావు మనసులో కూడికలు వేసుకున్నాడు. వాడన్నది నిజమే. "సరే పో," అన్నాడు. అంటే ఆ మూడు రోజులు పని ఆపింది ఓదెలు ఒక్కడే కాదు. ఇద్దరూ అనుకునే ఆపారు.

ఆ మధ్యాహ్నం కాకినాడ నుంచి ట్రంకు కాల్ వచ్చింది. గీమంటున్న లైనులో పేర్రాజు గొంతు.

"మీ సరుకు తప్ప అందరిదీ ఎక్కిందండి. ఓడ మీకోసమే కూర్చుంది. ఆ బంద్ కాగితం వెంటనే పంపండి. ఊరికే బంద్ జరిగిందంటే ఓడవాడు ఒప్పుకోడు. ఎవరు ఆపారో, ఎన్నాళ్ళు ఆపారో, ఎంత సరుకు ఆగిందో ఉండాలి. కింద సర్కారు సీలుండాలి."

సోమవారం మండలాఫీసుకు తాళం. బంద్ కదా. ఆ రోజుల్లో బంద్ నాడు తెరిచి ఉండేది ఠాణా ఒక్కటే. అది ఏ ఊరి ఠాణా అన్నది ఇక్కడ అక్కరలేదు. రావు నర్సింగాన్ని కూర్చోబెట్టి దరఖాస్తు రాయించాడు.

"'బంద్ మూలంగా పని ఆగినది' అంటె సాలదా సేట్?" అన్నాడు నర్సింగం, పాళీ పైకెత్తి పట్టుకుని.

"ఎవలు ఆపిన్రో రాయుమన్నరు గద. బంద్ అనేటోడు ఒక మనిషా, పేరు రాయనీకి?"

"మరి ఎవలి పేరు రాద్దాం?"

అన్నల పేర్లు రావుకు తెలియవు. తెలిసినా రాయడు. వాళ్ళ పేరు రాస్తే తన ప్రాణం మీదికి వస్తుంది. ఎవరి పేరు రాస్తే తనకు ఏ నష్టమూ రాదో ఆ పేరే ఆయన నోటికి వచ్చింది.

"మేస్త్రీ పేరు రాయి. పని ఆపేది మేస్త్రీయే గద. ఓడోడు సూసుకునే కాగితం, గంతే."

నర్సింగం రాశాడు: "నక్సలైట్ల పిలుపు మేరకు హమాలీ మేస్త్రీ ఓదెలు తన జట్టును పనికి రానీయక, ఏడు వేల ఎనిమిది వందల బస్తాల సరుకును మూడు దినములు మిల్లులో నిలిపివేసినాడు."

ఠాణాలో సర్కిల్ సాబ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. నకలు ఒకటి తన దగ్గర పెట్టుకుని, అసలు మీద సంతకం చేసి, సీలు తానే గట్టిగా వత్తి ఇచ్చాడు. ఒక్క పైసా అడగలేదు.

రావు బయటికి వచ్చి ఆశ్చర్యపోయాడు. సర్కారు సీలు ఖర్చు లేకుండా పడటం ఆయన బతుకులో అదే మొదలు. ధర లేకుండా వచ్చిన సరుకును ఎందుకు ఊరికే ఇస్తున్నారో అడగాలని తండ్రి చిన్నప్పుడే నేర్పాడు. ఆ రోజు అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం తెల్లవారగానే "లాభం!" అన్న కేక ఇటుకబట్టీ దాకా వినబడింది. పన్నెండు లారీలు కదిలాయి. మొదటి లారీ డ్రైవరు చేతికే ఆ కాగితం ఇచ్చి పంపాడు రావు. గురువారం ఇంకో పన్నెండు. ఓదెలు మాట నిలబెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం వాడు గద్దె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం, చేతులు, కనురెప్పలు అన్నీ తవుడు పొడి. నవ్వితే పళ్ళొక్కటే వేరు రంగు.

"సేటూ, నా బిడ్డ భూదేవి సిరిసిల్లల కాన్పయింది. ఆడపిల్ల. పొద్దుగాల ఫస్టు బస్సుకు పోయి ముకం జూసొస్త."

"రేపు పదిహేను లారీలున్నయిరా!"

"పగటీలి బువ్వ యాళ్లకల్ల ఈడుంట. అప్పటిదాంక రాజమల్లు సూస్తడు." గోనె సంచిలోంచి ఒక చిన్న పొట్లం తీసి చూపించాడు. ఇత్తడి ఉగ్గుగిన్నె, కొత్తది. "సూడు, ముక్కు ఎంత సక్కగున్నదో. మా అల్లుడు బట్టనేసే సాంచెలు నడుపుతడు గని, గిసుంటియి తేవాల్నని తెల్వదు ఆనికి."

"పో పో. పగటీలి దాటిందంటె సగం కూలి కోత," అన్నాడు రావు. అదే ఆఖరి మాట.

శుక్రవారం ఎనిమిదింటికి రావు జగిత్యాల నుంచి మిల్లుకు వచ్చేసరికి లారీలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. జట్టు మొత్తం గేటు దగ్గర కూర్చుని ఉంది. ఓదెలు పెండ్లాం నర్సవ్వ పరిగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడింది.

"దొరా! నీ కాల్మొక్త దొరా! బస్టాండుల జీపు ఎక్కించుకపోయిన్రు!"

ఆ మిల్లులో తొమ్మిదేళ్ళుగా వినబడని పిలుపు అది.

రాజమల్లు లేచి చెప్పాడు. వాడు జట్టులో ఓదెలు తర్వాతివాడు, మాట తక్కువ. "సిరిసిల్ల బస్సెక్కుతుంటే పట్టిన్రట. దళాన్ని కలువ పోతున్నవా అని కొట్టుకుంట తీస్కపోయిన్రు. ఎందుకో సమజైత లేదు సేటూ. సంఘంల సందా కట్టుడు తప్ప ఆడు ఇంకోటి ఎరుగడు. నువ్వో మాట జెప్తె ఇంటరు."

ఎందుకో ఆ వాకిట్లో ఇద్దరికే తెలుసు. నర్సింగం తల పైకెత్తలేదు.

ఆ రోజుల్లో ఠాణాలోకి పోయినవాడికి దారులు మూడు. పోయిన పూటే పైరవీ అందితే దెబ్బలతో ఇంటికి వచ్చేవాడు. రెండో రోజుకు కోర్టు ముఖం చూస్తే జైలు. ఆ రెండూ కాకపోతే పేపర్లో ఒక చిన్న ముక్క. ఎదురుకాల్పులు, ఒకరి మృతి. ఇది కరుణాకర్ రావుకు ధాన్యం ధరలు తెలిసినంత బాగా తెలుసు. అందుకే మధ్యాహ్నం కాకముందే ఠాణాకు వెళ్ళాడు.

సర్కిల్ సాబ్ మళ్ళీ కుర్చీ వేయించాడు. ఈసారి చాయ్ లేదు.

"ఆడు గసుంటోడు కాదు సాబ్. మా ఊరోడే. నాకు బాగెరుక," అన్నాడు రావు.

"ఆపిండని మీరే రాసిచ్చిన్రు గద రావు సాబ్. నేను రాసుకున్ననా?" సర్కిల్ సొరుగులోంచి నకలు తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పు రాసిన, ఆనికి సంబంధం లేదని ఇంకో కాగితం రాసియ్యిండ్రి. ఇప్పుడే తీస్కపోండ్రి మీ మనిషిని."

లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. తవుడు పొడి పట్టిన ఛాతీ దగ్గు. తొమ్మిదేళ్ళుగా ఎరిగిన దగ్గు.

రావు జేబులోంచి పెన్ను తీశాడు. దాని మూత తీయలేదు. ఆయన తల లోపల కూడికలు మొదలయ్యాయి. తన చేతితోనే తప్పు రాశానని రాసిస్తే, అసలు కాగితం అబద్ధమవుతుంది. ఆ సంగతి కాకినాడ చేరితే మూడు రోజులు గడువులో కలుస్తాయి. లక్షా ఇరవై వేలు. మిల్లు కౌలు, బ్యాంకు వాయిదా రెండూ అందులోనే. కానీ కాగితం నిన్ననో ఇవాళో అక్కడికి చేరి ఉంటుంది. రేపు పొద్దున పేర్రాజుకు ఫోన్ చేసి, ఓడవాడు ఒప్పుకున్నాడని తెలుసుకుంటే చాలు. ఆ తర్వాత ఇక్కడ ఏం రాసిచ్చినా నష్టం లేదు. అక్కడి కాగితం అక్కడ చెల్లుతుంది, ఇక్కడి కాగితం ఇక్కడ చెల్లుతుంది. మూడు వందల మైళ్ళ దూరంలో ఉన్న ఆ రెండు కాగితాలు ఒకదాన్నొకటి ఎన్నడూ చూసుకోవు. సొమ్మూ దక్కుతుంది, మనిషీ దక్కుతాడు. కావలసింది ఒక్క రోజు.

పెన్ను మళ్ళీ జేబుకు పెట్టాడు. "రేపు పొద్దుగాల టైపు జేయించి తెస్త సాబ్. చేతిరాత బాగుండది."

సర్కిల్ ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. "మీ ఇష్టం. నా చేతిల ఎంతసేపుంటడో నాకే ఎరుక లేదు. పైనుంచి అడుగుతున్నరు."

ఆ మాట రావు విన్నాడు. విని, తన అనుభవంలోని ఒక అరలో పెట్టేశాడు. రేపటికి ఈ ధర ఉండదు షావుకారీ అని అమ్మేవాళ్ళు జన్మంతా ఆయనతో అంటూనే ఉన్నారు. మర్నాడు పోతే ఎప్పుడూ అదే ధర ఉండేది. ఒక్కోసారి తగ్గేది కూడా.

నర్సవ్వ మిల్లు మెట్ల మీదే ఉంది.

"రేపొస్తడు," అన్నాడు రావు.

"రేపేనా దొరా?"

"రేపే."

ఆమె కళ్ళొత్తుకుని, "బిడ్డకు జెప్పి పంపుత," అంటూ లేచింది.

ఇంట్లో అన్నం పెడుతూ భార్య సులోచన మొత్తం విన్నది. ఆమె ఆయన లెక్కల్లో ఎన్నడూ వేలు పెట్టలేదు. గిన్నె కింద పెట్టి ఒక్క మాట అడిగింది. "ఇయ్యాల్నే రాసిస్తే ఏమాయె?"

"లక్షా ఇరవై వేలాయె."

"రేపు రాస్తె ఎంతైతది?"

"రేపు రాస్తె ఏం గాదు. నీకు సమజ్ గాదు."

ఆమె పెరుగు వడ్డించకుండానే లోపలికి వెళ్ళింది.

శనివారం ఏడింటికే మిల్లు నుంచి ట్రంకు కాల్ బుక్ చేశాడు. లైట్నింగ్ కాల్, ఎనిమిది రెట్ల రేటు. ఓదెలు కోసం తాను ఎంత ఖర్చు పెడుతున్నాడో మనసులో ఒక గీత గీసుకున్నాడు కూడా. విజయవాడ లైన్లు బిజీ. తొమ్మిదైంది. పది దాటింది. పదకొండుకు గంట మోగింది.

"కాగితం అందిందండి," అన్నాడు పేర్రాజు. "నిన్న సాయంత్రమే ఓడ ఏజెంటుకి ఇచ్చాను. చూసి పక్కన పడేశాడు."

"పక్కన పడేసుడేంది! సీలున్నది, పేరున్నది, బస్తాల లెక్క..."

"అన్నీ ఉన్నాయండి. గడువే లేదు. మీరూ నేనూ మొదటి బార్జి వెళ్ళిన రోజు నుంచి లెక్క వేసుకున్నాం. వాళ్ళు ఓడ లంగరేసి 'నేనొచ్చాను' అని చెప్పిన గంట నుంచే వేశారు. మధ్యలో ఐదు రోజులు పోయాయి. మీ బంద్‌కి ముందురోజే గడువు తీరిపోయింది. ఒకసారి డెమరేజిలో పడ్డాక ఇక బంద్ లేదు, వాన లేదు, ఆదివారం లేదు. గడియారం ఆగదు. అది ఈ రేవు ధర్మమండి. ఆ కాగితం వారం ముందు పంపినా పనికొచ్చేది కాదు."

రావు ఫోన్ పెట్టేశాడు. ఆ క్షణంలో ఆయనకు కలిగింది బాధ కాదు. భారం దిగినట్టు అనిపించింది. ఇక దాచుకోవడానికి ఏమీ లేదు. లక్షా ఇరవై వేలు ఎట్లాగూ పోయాయి. ఇప్పుడు ఎంత గట్టిగా రాసిచ్చినా కొత్తగా పోయేదేమీ లేదు. టైపు కోసం ఆగలేదు. తెల్లకాగితం తీసుకుని తన చేత్తోనే, కొట్టివేతలతో రాశాడు. పని ఆపింది తానూ ఓదెలూ కలిసి అనుకునే అని, వాడు ఏ పార్టీ మనిషీ కాదని, అవసరమైతే ఏ కోర్టులోనైనా చెబుతానని. కాగితం ఆరకముందే కారెక్కాడు. రాజమల్లునూ నర్సవ్వనూ వెనక కూర్చోబెట్టుకున్నాడు. దారిలో నర్సవ్వ కొంగులో మూట విప్పి చూసుకుంది. రెండు రొట్టెలు, పచ్చడి. "తిననిచ్చిన్రో లేదో," అంది.

ఠాణాలో సర్కిల్ లేడు. బల్ల దగ్గర రైటరు ఒక్కడే రాసుకుంటున్నాడు.

"సారు గుట్టల దిక్కు పోయిండు," అన్నాడు తల ఎత్తకుండా. "పొద్దుగాల ఎదురుకాల్పులైనయి, ఎల్లారెడ్డిపేట అవతల. ఒకడు సచ్చిండు. పీనుగను సిరిసిల్ల దవాఖానకు తెచ్చిన్రు."

"ఎప్పుడైనయి?" అన్నాడు రావు.

"ఎనిమిది, ఎనిమిదిన్నర."

ఆ గంటకు ఆయన టెలిఫోన్ పక్కన కూర్చుని ఉన్నాడు.

సిరిసిల్ల దవాఖాన వెనక వరండాలో చాపలో చుట్టి పెట్టారు. పక్కన ఒక నాటు తుపాకీ. భూదేవి మొగుడు సాంచెల షెడ్డు నుంచి అట్లాగే వచ్చాడు, తల నిండా నూలు పీచు. పీనుగను గుర్తుపట్టడానికి ఊరి మనిషి, మర్యాదస్థుడు కావాలన్నారు. రావును పిలిచారు. రెండో పంచుగా రాజమల్లును నిలబెట్టారు. మెడ మీది కాయ చూడగానే రాజమల్లు గుర్తుపట్టాడు. ముఖం చూసి గుర్తుపట్టే వీలు లేదు.

పోలీసాయన పంచనామా చదవడం మొదలుపెట్టాడు. చెట్లు, గుట్ట, దూరాలు, తూటాల లెక్క. ఆ తర్వాత మృతుడి చరిత్ర.

"...సదరు వ్యక్తి నక్సలైట్ల పిలుపు మేరకు తన జట్టును పనికి రానీయక, ఏడు వేల ఎనిమిది వందల బస్తాల సరుకును మూడు దినములు మిల్లులో నిలిపివేసినాడు..."

రాజమల్లు తల ఎత్తాడు. పోలీసాయన చదివి ముగించి వేలిముద్ర కోసం సిరా డబ్బీ తెరిచాడు. అప్పుడు రాజమల్లు అడిగాడు, గొంతు పెంచకుండా.

"పోలీసోల్లకు బస్తాల లెక్క ఎట్ల తెలిసింది?"

ఆ లెక్క మిల్లు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పుస్తకం లెక్క తెలిసేది సేటు, గుమాస్తా, మేస్త్రీ ముగ్గురికే. ఒకడు చాపలో ఉన్నాడు. రాజమల్లు రావు వైపు తిరిగాడు. రావు చొక్కా జేబులోంచి తెల్లకాగితం అంచు బయటికి కనబడుతోంది. ఆయన దాన్ని వేళ్ళతో లోపలికి తోసుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఎవరికి చూపించినా ఏం లాభమని కాదు. చూపిస్తే చదువుతారు, మొదటి కాగితం ఎవరిదో తెలిసిపోతుంది.

సంతకం చేశాడు.

నర్సవ్వ ఏడవలేదు. పీనుగ పక్కన, తుపాకీ పక్కన, చాప కింద చేత్తో తడిమి వెతికింది. "ఉగ్గుగిన్నె ఏది?" అని అడిగింది పోలీసాయనను. "ఇత్తడిది. కొత్తది. దగ్గరనే ఉండె."

కాగితంలో ఉగ్గుగిన్నె లేదన్నాడు పోలీసాయన.

"ఉండె," అంది నర్సవ్వ. "నేనే పొట్లం గట్టిన." తర్వాత రావు వైపు చూసి, "దొరా" అని కానీ "సేటూ" అని కానీ అనకుండా, "రేపంటివి," అంది. అంతే. ఆయన ఆ రోజు మూటగట్టుకున్న లెక్కల్లో ఆ మాట ఒక్కటే కాగితం మీద లేదు.

దహనం తంగళ్ళపల్లి దగ్గర మానేరు ఒడ్డున, అల్లుడివాళ్ళ శ్మశానంలో చేశారు. ఊరికి తీసుకుపోవడానికి పోలీసులు ఒప్పుకోలేదు. మేస్త్రీ పోతే మూడోనాటి దాకా జట్టు కొక్కెం ముట్టదు. శని, ఆది, సోమ. రావు ఎవరినీ పని అడగలేదు. వేరే జట్టును పిలిపిద్దామని నర్సింగం అన్నాడు కానీ ఏ జట్టూ రాలేదు. కాకినాడలో ఓడ కూర్చునే ఉంది. ఈ మూడు రోజులకు ఏ కాగితమూ పుట్టదని ఆయనకు ఇప్పుడు తెలుసు.

మంగళవారం ఏడింటికి జట్టు వచ్చింది. ఇరవై ముగ్గురు. ఎవరూ పలకరించలేదు. లారీకి పలక వేశారు. రావు ఆ రోజు గద్దె మీద కూర్చోలేక గుమ్మంలో నిలబడ్డాడు. నర్సింగం పుస్తకం తెరిచి పాళీ సిరాలో ముంచాడు.

మొదటి బస్తా ఒకడి వీపు మీదికి ఎక్కింది. పలక కిందికి వంగింది. ఓదెలు నిలబడేచోట రాజమల్లు నిలబడ్డాడు. బస్తా లారీలో పడిన చప్పుడైంది. అందరూ ఆగారు. లెక్క ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

రాజమల్లు లారీ వైపు చూడలేదు. గుమ్మం వైపు చూశాడు.

"ఒకటి," అన్నాడు.

అరవలేదు. మామూలు గొంతుతో అన్నాడు. ఆ వాకిట్లో ఆ మాటతో లెక్క మొదలవడం ఎవరూ ఎన్నడూ వినలేదు. నర్సింగం చేతిలో పాళీ ఆగి, సిరా చుక్క ఒకటి పుస్తకంలో పడింది. అతడు సేటు ముఖంలోకి చూశాడు. మళ్ళీ మొదటి నుంచి అనమని సేటు చెబుతాడనుకున్నాడు. రావు నోరు తెరిచాడు. ఇరవై మూడు ముఖాల్లో ఒక్కటీ పక్కకు తిరగలేదు. ఆయన నోరు మూసుకున్నాడు.

రెండో బస్తా పలక ఎక్కింది.

"రెండు," అన్నాడు రాజమల్లు.

నర్సింగం పుస్తకంలో రెండు గీతలు గీశాడు.